బోరు మన పొలంలో, స్టార్టరు పక్కింట్లో

(పాఠశాల స్వర్ణోత్సవాల సందర్భంగా పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1986లో ఇక్కడ పదో తరగతి పూర్తి చేశాను. తర్వాత ఇంజనీరింగ్ చదివి, ముప్పై ఏళ్ళకు పైగా కంప్యూటర్ల పనిలోనే ఉన్నాను. ప్రస్తుతం హైదరాబాద్‌లో ఉంటూ, యూరప్ కంపెనీల కంప్యూటర్ వ్యవస్థలను చూసుకునే ఒక బృందంలో పనిచేస్తున్నాను. సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నీ పనిలోంచే ఒక విషయం తీసుకుని మాట్లాడు, అందరికీ అర్థమయ్యేలా చెప్పు, అరగంట దాటొద్దు" అన్నారు. ఆ మూడు షరతులకూ లోబడి మాట్లాడే ప్రయత్నం చేస్తాను.

ఏడాదికి పైగా మా యూరప్ కస్టమర్లు మమ్మల్ని ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు. "మా లెక్కలు, మా ఉత్తరాలు, మా ఫ్యాక్టరీ డ్రాయింగులు అన్నీ అమెరికా కంపెనీల దగ్గర ఉన్నాయి. రేపు అమెరికా ప్రభుత్వం వాటిని ఆపెయ్యమంటే మా గతేమిటి?" ఐదారేళ్ళ కిందట ఎవరైనా ఇలా అడిగితే నవ్వి ఊరుకునేవాళ్ళం. ఇప్పుడు కంపెనీ అధిపతులే అడుగుతున్నారు. ఈ ప్రశ్న ఎలా పుట్టింది, దానికి జవాబేమిటి అన్నదే ఈ రోజు నా విషయం.

ముందు క్లౌడ్ అంటే ఏమిటో చెప్పుకుందాం. పేరుకు మేఘమే గాని అందులో ఆకాశంలో ఉండేదేమీ లేదు. ఊరి బయట పెద్ద షెడ్డు, అందులో వేలకు వేలు కంప్యూటర్లు, వాటికి ఆగని కరెంటు, వేడెక్కకుండా చల్లబరిచే యంత్రాలు. పెళ్ళికి షామియానా, కుర్చీలు, గుండిగలు మనం కొనుక్కోం. సప్లయర్స్ దగ్గర అద్దెకు తెచ్చుకుని, పని అయ్యాక తిరిగి ఇచ్చేస్తాం. క్లౌడ్ కూడా అలాంటిదే. కంప్యూటర్లు కొనకుండా వాడుకున్నంతకు అద్దె కట్టడం. 2006లో అమెజాన్ ఈ వ్యాపారం మొదలుపెట్టింది, మైక్రోసాఫ్ట్, గూగుల్ వెంటవచ్చాయి. పని బాగుంది, ధర అందుబాటులో ఉంది, అడిగిన అయిదు నిమిషాల్లో కంప్యూటరు సిద్ధం. యూరప్ కంపెనీలే కాదు, ప్రభుత్వ శాఖలు, ఆస్పత్రులు, విశ్వవిద్యాలయాలు కూడా అటే వెళ్ళాయి.

ఫలితం ఏమిటంటే, ఇవాళ యూరప్ క్లౌడ్ మార్కెట్‌లో సుమారు 70 శాతం ఈ మూడు అమెరికా కంపెనీలదే. 2017లో యూరప్ సొంత కంపెనీల వాటా 29 శాతం ఉండేది. ఐదేళ్ళలో అది 15 శాతానికి దిగి అక్కడే ఆగింది. ఒక్క క్లౌడే కాదు. ఇటలీ మాజీ ప్రధాని మారియో ద్రాఘీ 2024 సెప్టెంబరులో యూరోపియన్ యూనియన్‌కు ఇచ్చిన నివేదికలో, డిజిటల్ వస్తువులు, సేవలు, సదుపాయాల్లో 80 శాతానికి పైగా బయటి దేశాల మీదే ఆధారపడుతున్నామని రాశారు. ఇదంతా ఎవరూ బలవంతం చేస్తే జరిగింది కాదు. ఏటా ఒక్కో సౌకర్యం చొప్పున వాళ్ళే కోరి తీసుకున్నారు.

"అయితే ఏమైంది? సమాచారం మా దేశంలోనే ఉంది కదా" అని చాలామంది అంటారు. నిజమే, అమెజాన్‌కు ఫ్రాంక్‌ఫర్ట్‌లో, మైక్రోసాఫ్ట్‌కు డబ్లిన్‌లో పెద్ద డేటా సెంటర్లు ఉన్నాయి. కానీ మన మెట్ట పొలాల సంగతి తెలిసినవాళ్ళకు ఒక మాట చెబుతాను. బోరు మన పొలంలోనే ఉంది. నీళ్ళూ మన చేలోనే పడుతున్నాయి. కానీ మోటారు స్టార్టరు డబ్బా పక్కవాళ్ళింటి గోడకు ఉంది. సఖ్యంగా ఉన్నన్నాళ్ళూ ఆ డబ్బా ఎక్కడుందో కూడా మనకు గుర్తుండదు. గట్టు తగాదా వచ్చిన రోజున గుర్తొస్తుంది. యూరప్ పరిస్థితి సరిగ్గా అదే.

ఈ విషయం కోర్టులో తేలడానికి కొన్నేళ్ళు పట్టింది. 2013లో అమెరికాలో ఒక మాదకద్రవ్యాల కేసు దర్యాప్తులో భాగంగా, ఒక వ్యక్తి ఈమెయిళ్ళు ఇమ్మని మైక్రోసాఫ్ట్‌కు వారంటు వచ్చింది. ఆ ఈమెయిళ్ళు ఐర్లండ్‌లో ఉన్నాయి, అమెరికా వారంటు అక్కడ చెల్లదు అని మైక్రోసాఫ్ట్ వాదించింది. 2016లో న్యూయార్క్ అప్పీలు కోర్టులో నెగ్గింది కూడా. కేసు సుప్రీంకోర్టులో ఉండగానే 2018 మార్చిలో అమెరికా చట్టసభ క్లౌడ్ యాక్ట్ అనే చట్టం తెచ్చింది. సమాచారం ప్రపంచంలో ఏ మూల ఉన్నా సరే, దాన్ని చేతిలో ఉంచుకున్నది అమెరికా కంపెనీ అయితే అమెరికా చట్టబద్ధమైన ఉత్తర్వుకు లోబడాల్సిందే అన్నది దాని సారం. దాంతో ఆ కేసుకు అర్థం లేకుండా పోయి ముగిసింది. షెడ్డు ఎక్కడుంది అన్న ప్రశ్న వెనక్కిపోయి, షెడ్డు యజమాని ఎవరు అన్న ప్రశ్న ముందుకొచ్చింది.

2025 జూన్‌లో ఫ్రాన్స్ సెనేట్ విచారణ సంఘం మైక్రోసాఫ్ట్ ఫ్రాన్స్ ప్రతినిధిని పిలిచి ప్రమాణం మీద అడిగింది. ఫ్రెంచి ప్రజల సమాచారం ఫ్రాన్స్ ప్రభుత్వ అనుమతి లేకుండా అమెరికా అధికారులకు ఎన్నడూ వెళ్ళదని హామీ ఇవ్వగలరా అని. ఆయన ఇవ్వలేనన్నారు. ఇంతవరకు అలా ఎప్పుడూ జరగలేదని కూడా చెప్పారు. నా దృష్టిలో ఆయన నిజాయితీగానే మాట్లాడారు. ఏ అమెరికా కంపెనీ ప్రతినిధి అయినా ప్రమాణం చేసి అంతకంటే ఎక్కువ చెప్పలేరు.

ఈ అనుమానం నిన్నటిది కాదు. 2013 జూన్‌లో ఎడ్వర్డ్ స్నోడెన్ అమెరికా నిఘా పత్రాలు బయటపెట్టాడు. ఆ ఏడాదే జర్మనీ ఛాన్సలర్ ఏంజెలా మెర్కెల్ ఫోను మీద కూడా నిఘా పెట్టారన్న వార్త వచ్చింది. మిత్రదేశాధినేతకే దిక్కులేకపోతే మామూలు మనిషి సంగతి ఏమిటి? అప్పుడు ఆస్ట్రియాకు చెందిన మాక్స్ ష్రెమ్స్ అనే న్యాయశాస్త్ర విద్యార్థి ఫేస్‌బుక్ మీద ఐర్లండ్‌లో ఫిర్యాదు చేశాడు. తన సమాచారం అమెరికా వెళ్తే అక్కడ దానికి రక్షణ లేదన్నది అతని వాదన. ఆ ఫిర్యాదు యూరప్ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళింది. సమాచారం అమెరికా పంపడానికి వీలిచ్చే ఒప్పందాన్ని 2015 అక్టోబరులో ఆ కోర్టు కొట్టేసింది. దాని స్థానంలో తెచ్చిన రెండో ఒప్పందాన్ని 2020 జులైలో కొట్టేసింది. 2023 జులైలో మూడోది తెచ్చుకున్నారు, ఇప్పుడు నడుస్తున్నది అదే. ఒక విద్యార్థి రాసిన ఫిర్యాదు రెండు ఖండాల మధ్య ఒప్పందాలను రెండుసార్లు పడగొట్టిందంటే, ఇక్కడున్న పిల్లలు ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

అయితే అప్పటి భయం తొంగిచూడటం గురించి. మన ఉత్తరాలు ఎవరైనా చదువుతారేమో అన్న భయం. 2025 నుంచి భయం మారింది. అసలు ఉత్తరాలే అందకుండా ఆపేస్తారేమో అన్నది కొత్త భయం.

ఆ ఏడాది జనవరిలో, ఇంకా ప్రమాణస్వీకారం చేయకముందే, డొనాల్డ్ ట్రంప్ గ్రీన్‌లాండ్ తమకు కావాలన్నారు. సైనిక బలం వాడబోమని మాట ఇవ్వడానికి ఒప్పుకోలేదు. గ్రీన్‌లాండ్ డెన్మార్క్ రాజ్యంలో భాగం, డెన్మార్క్ అమెరికాకు నాటో మిత్రదేశం. మార్చిలో అమెరికా ఉపగ్రహ చిత్రాలు ఉక్రెయిన్‌కు కొద్దిరోజులు అందకుండా ఆగాయి. ఇంతకాలం సేవ అనుకున్నది బేరంలో ముక్కగా మారవచ్చని యూరప్ కళ్ళారా చూసింది.

అన్నింటికంటే ఎక్కువ కలవరపెట్టింది హేగ్ నగరంలోని అంతర్జాతీయ నేర న్యాయస్థానం ఉదంతం. ఇజ్రాయెల్ ప్రధాని మీద ఆ కోర్టు అరెస్టు వారంటు ఇచ్చినందుకు 2025 ఫిబ్రవరిలో అమెరికా ఆంక్షలు పెట్టింది. కోర్టు ప్రధాన ప్రాసిక్యూటర్ కరీమ్ ఖాన్ తన మైక్రోసాఫ్ట్ ఈమెయిల్ ఖాతా వాడలేని స్థితిలో పడి, స్విట్జర్లాండ్ సంస్థ ప్రోటాన్‌కు మారారని మేలో వార్తలొచ్చాయి. కోర్టుకు తాము సేవలు ఆపలేదని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఈ రెండు మాటలూ మీ ముందు పెడుతున్నాను. ఆగస్టులో అదే కోర్టు ఫ్రెంచి న్యాయమూర్తి నికొలా గియూ మీద కూడా ఆంక్షలు వచ్చాయి. అమెరికా కంపెనీల్లో తన ఖాతాలు మూతపడ్డాయని, తన సొంత దేశంలో హోటలు గది బుక్ చేస్తే అదీ రద్దయిందని ఆయన ఒక పత్రికకు చెప్పారు. ఆయన ఫ్రెంచివాడు, హోటలు ఫ్రాన్స్‌లోదే. బుకింగ్ చేసే సంస్థ మాత్రం అమెరికాది.

ఇక్కడ ఆపేస్తే మీకు సగం కథ చెప్పినవాణ్ణవుతాను. రెండో సగం కూడా వినాలి.

2022 ఫిబ్రవరిలో రష్యా దాడికి సరిగ్గా వారం ముందు ఉక్రెయిన్ తన చట్టాన్ని మార్చుకుని, ప్రభుత్వ రికార్డులను దేశం బయటి క్లౌడ్‌లోకి పంపేందుకు వీలు కల్పించుకుంది. భూముల రికార్డులు, పన్నుల లెక్కలు, విశ్వవిద్యాలయాల పాఠాలు అమెరికా కంపెనీల సాయంతో దేశం దాటాయి. ఆ సమాచారం కీవ్‌లోని ఏదో భవనంలోనే ఉండివుంటే ఒక్క క్షిపణికి పోయేది. అంటే ఆ రోజు ఆ దేశాన్ని కాపాడింది కూడా ఇదే అమెరికా క్లౌడ్.

ఇంకొకటి మన దేశంలోనే జరిగింది. గుజరాత్‌లోని వాడినార్‌లో నయారా ఎనర్జీ వారి చమురు శుద్ధి కర్మాగారం ఉంది. రష్యా కంపెనీ రాస్‌నెఫ్ట్‌కు అందులో 49 శాతం వాటా. మన ఊళ్ళ దగ్గర కూడా వాళ్ళ పెట్రోలు బంకులు చూసే ఉంటారు. 2025 జులై 18న యూరోపియన్ యూనియన్ ఆ కంపెనీ మీద ఆంక్షలు పెట్టింది. కొద్దిరోజులకే మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీకి ఈమెయిల్ తదితర సేవలు ఆపేసింది. డబ్బు కట్టి తీసుకున్న లైసెన్సులవి. నయారా ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. నెలాఖరుకు సేవలు తిరిగి వచ్చాయి. ఇందులో చిత్రమేమిటో చూడండి. నష్టపోయింది భారతదేశంలో నడిచే కంపెనీ, మీట నొక్కింది అమెరికా కంపెనీ, నొక్కడానికి కారణం యూరప్ చట్టం. అమెరికా చేతిలో మీట ఉందని భయపడే యూరప్, తన ఆంక్షల దెబ్బకు అదే మీట ఇంకొకరి మీద పనిచేయడం చూసింది. కాబట్టి దీన్ని అమెరికా చెడ్డది, యూరప్ మంచిది అన్న కథగా వినకండి. మీట ఉన్నంతకాలం దాన్ని నొక్కాలన్న ఆలోచన ఎవరికో ఒకరికి వస్తుంది.

"ఇంత తెలిసీ యూరప్ బయటికెందుకు రాదు?" అని మా అమ్మాయి అడిగింది. రాలేకపోవడానికి కారణం ఉంది. షామియానా కుర్చీలు ఏ సప్లయర్ దగ్గరైనా ఒకటే. ఒకరు కాదంటే ఇంకొకరి దగ్గర తెచ్చుకోవచ్చు. క్లౌడ్‌లో ఖాళీ కంప్యూటరు మాత్రమే అద్దెకు తీసుకుంటే అదీ అంతే. కానీ వాళ్ళు దాని మీద వంద సౌకర్యాలు పేర్చి ఇస్తారు. సమాచారం దాచే పద్ధతి వాళ్ళది, ఉద్యోగులను గుర్తుపట్టే పద్ధతి వాళ్ళది, లెక్కలు విశ్లేషించే పనిముట్టు వాళ్ళది. ఒక్కోటీ మన పని తగ్గిస్తుంది. ఒక్కోటీ ఇంకొకచోట అదే రూపంలో దొరకదు. పదేళ్ళు గడిచాక చూసుకుంటే సామాను అద్దెది అయినా వంటంతా ఆ సామానుకే అలవాటుపడి ఉంటుంది. పైగా సమాచారం లోపలికి పంపడం ఉచితం, పెద్దమొత్తంలో బయటికి తీయడానికి మాత్రం రుసుము. యూరోపియన్ యూనియన్ దీనికి విరుగుడుగా డేటా యాక్ట్ తెచ్చింది. 2025 సెప్టెంబరు 12 నుంచి అది అమల్లో ఉంది. ఒక క్లౌడ్ నుంచి ఇంకొకదానికి మారేవాళ్ళ దగ్గర వసూలు చేసే రుసుములు 2027 జనవరి 12 నుంచి పూర్తిగా పోవాలి.

సొంత క్లౌడ్ కట్టుకునే ప్రయత్నాలు చేయలేదా అంటే చేశారు. 2012లో ఫ్రాన్స్ ప్రభుత్వ డబ్బుతో క్లౌడ్‌వాట్, న్యూమర్జీ అని రెండు కంపెనీలు పెట్టారు. ఆరంభశూరత్వమే మిగిలింది. 2020లో క్లౌడ్‌వాట్ మూతపడింది. తర్వాత జర్మనీ, ఫ్రాన్స్ కలిసి గాయా-ఎక్స్ అన్నారు. అది క్లౌడ్ కట్టడం మాని నియమాలు రాసే వేదికగా మారింది. అమెరికా కంపెనీలూ అందులో సభ్యులయ్యాయి. మ్యూనిక్ నగరపాలక సంస్థ 2004లో విండోస్ వదిలి లినక్స్‌కు మారాలని నిర్ణయించి, 2013 నాటికి సుమారు 15,000 కంప్యూటర్లు మార్చింది. 2017లో మళ్ళీ విండోస్‌కే వెళ్ళాలని తీర్మానించింది. నాయకత్వం మారింది, ఓపిక అయిపోయింది.

సొంతదైతే చాలు క్షేమం అనుకోవడానికీ లేదు. 2021 మార్చి 10 తెల్లవారుజామున ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో, యూరప్ క్లౌడ్ కంపెనీల్లో పెద్దదైన ఓవీహెచ్ డేటా సెంటర్‌లో మంటలు లేచాయి. ఒక భవనం పూర్తిగా కాలిపోయింది. రెండో ప్రతి కూడా అదే ఆవరణలో ఉంచుకున్నవాళ్ళు రెండూ పోగొట్టుకున్నారు. అటు 2025 అక్టోబరు 20న అమెరికాలోని వర్జీనియాలో అమెజాన్ వ్యవస్థలో లోపం వస్తే, బ్రిటన్‌లో లాయిడ్స్ బ్యాంకు ఖాతాదారులు, పన్నుల శాఖ వెబ్‌సైటు కూడా ఇబ్బంది పడ్డాయి. అందులో రాజకీయం లేదు, కుట్ర లేదు. అయినా దెబ్బ తగిలింది. అందరూ ఒకే స్తంభానికి ఆనుకుంటే ఆ స్తంభం కదిలినప్పుడు అందరూ కదులుతారు.

మరి ఆశ లేదా? ఉంది, కానీ దానికి కాలం పడుతుంది. 1970ల్లో ఫ్రాన్స్, జర్మనీ కలిసి సింఫనీ అనే సమాచార ఉపగ్రహాలు తయారుచేశాయి. ఎగరెయ్యడానికి సొంత రాకెట్ లేక అమెరికాను అడిగాయి. ఎగరేస్తాం గాని వాటితో వ్యాపారం చేయకూడదని అమెరికా షరతు పెట్టింది. ఆ షరతు మింగుడుపడక యూరప్ సొంత రాకెట్ పని పట్టుదలగా చేసింది. 1979 డిసెంబరు 24న మొదటి ఏరియాన్ ఎగిరింది. అమెరికా సైన్యం చేతిలోని జీపీఎస్ ఒక్కదానిమీదే ఆధారపడకూడదని గెలీలియో ఉపగ్రహ వ్యవస్థ కట్టుకుంది. అది 2016 డిసెంబరులో సేవలు మొదలుపెట్టింది. ఇప్పుడు మీ జేబులో ఉన్న ఫోన్లలో చాలావాటికి గెలీలియో సంకేతాలు కూడా అందుతాయి. ఇవేవీ ఒక ఎన్నికల కాలంలో అయిన పనులు కావు.

క్లౌడ్‌లోనూ చిన్న అడుగులు పడుతున్నాయి. ఉత్తర జర్మనీలో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ అనే చిన్న రాష్ట్రం ఉంది. సుమారు 30,000 మంది ఉద్యోగుల కంప్యూటర్లలో మైక్రోసాఫ్ట్ ఆఫీసు బదులు లిబ్రే ఆఫీసు వాడాలని 2024లో నిర్ణయించింది. 2025 అక్టోబరు నాటికి 40,000కు పైగా ఈమెయిల్ పెట్టెలను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లోకి మార్చింది. సిబ్బంది నుంచి ఫిర్యాదులు వచ్చాయి, సర్దుకుంటూ ముందుకు పోతున్నారు. హేగ్ న్యాయస్థానం కూడా జర్మనీలో రూపొందిన ఓపెన్‌డెస్క్‌కు మారాలని నిర్ణయించుకుంది. నాకు బాగా నచ్చింది మాత్రం ఎస్తోనియా పద్ధతి. పద్నాలుగు లక్షల లోపు జనాభా. 2017లో లక్సెంబర్గ్‌తో ఒప్పందం చేసుకుని అక్కడి డేటా సెంటర్‌లో తన ముఖ్య రికార్డుల ప్రతి ఉంచింది. రాయబార కార్యాలయానికి ఉండే రక్షణ ఆ కంప్యూటర్లకు కూడా ఉంటుంది. దేశం మీద ఏ ఆపద వచ్చినా ప్రభుత్వం నడుస్తుంది.

అమెరికా కంపెనీలూ ఊరుకోలేదు. యూరప్ కోసమే విడిగా నడిచే క్లౌడ్‌కు అమెజాన్ జర్మనీలోని బ్రాండెన్‌బర్గ్‌లో 7.8 బిలియన్ యూరోల పెట్టుబడి ప్రకటించింది. సేవలు ఆపమని ఉత్తర్వు వస్తే కోర్టులో పోరాడతామని, తమ సాఫ్ట్‌వేర్ ప్రతిని స్విట్జర్లాండ్‌లో భద్రపరుస్తామని మైక్రోసాఫ్ట్ 2025 ఏప్రిల్‌లో మాట ఇచ్చింది. మంచి మాటలే. అయితే స్టార్టరు డబ్బాను పక్కింటి గోడ నుంచి మన గట్టు మీదికి తెచ్చినంత మాత్రాన సరిపోదు, తాళంచెవి ఎవరి మొలతాడుకుందో కూడా చూసుకోవాలి.

అందుకే నా కస్టమర్లు అడిగినప్పుడు నేను "అమెరికా క్లౌడ్ వదిలెయ్యండి" అని చెప్పను. మూడు ప్రశ్నలు వేస్తాను. మీ సమాచారాన్ని రహస్య లిపిలోకి మార్చే తాళంచెవి మీ దగ్గరుందా, అద్దెకిచ్చినవాడి దగ్గరుందా? రెండో ప్రతి వేరే యజమాని దగ్గర, వేరే చట్టం కింద ఉందా? రేపు ఉదయం బయటికి రావలసివస్తే ఎన్ని రోజులు పడుతుంది, ఎప్పుడైనా చేసి చూశారా?

మూడో ప్రశ్నే అసలైంది. ఒక కస్టమర్ దగ్గర మూడు వారాల్లో బయటికి రావచ్చని చక్కటి ప్రణాళిక కాగితం మీద ఉంది. సరే, ఒక శనివారం రిహార్సల్ చేద్దామన్నాం. రెండో ప్రతి వేరే కంపెనీలో భద్రంగా ఉంది. కానీ దాన్ని తెరవడానికి ఉద్యోగి పేరు, పాస్‌వర్డ్ సరిచూసే వ్యవస్థ మొదటి కంపెనీదే. అది ఆగితే ఇది తెరుచుకోదు. అంతేకాదు, అత్యవసరంలో ఎవరికి ఫోన్ చేయాలో రాసుకున్న జాబితా కూడా అక్కడే ఉంది. ఇల్లు కాలితే వాడాల్సిన బక్కెట్లు ఇంట్లోనే తాళం వేసి పెట్టినట్టు. ఆ శనివారం తర్వాత ఆ జాబితా కాగితం మీద అచ్చయి, గేటు దగ్గర సెక్యూరిటీ గదిలో వేలాడుతోంది. అంతకంటే పెద్ద మార్పులు కూడా చేశాం గాని, ఆ కాగితాన్ని చూసినప్పుడే వాళ్ళకు నిశ్చింత కలిగింది.

ఆధారపడటం తప్పు కాదు. మనిషన్నాక ఇంకొకరి మీద ఆధారపడకుండా బతకలేడు. దారి మూసుకుపోయేంతగా ఆధారపడటమే ప్రమాదం. బయటికి రాగలిగినవాడు లోపల ఉన్నా ధైర్యంగా ఉంటాడు. ధర దగ్గర బేరమాడగలడు, షరతు దగ్గర తల ఎత్తగలడు. యూరప్ ఇప్పుడు వెతుక్కుంటున్నది ఆ ధైర్యాన్నే.

ఇది మనకు దూరపు విషయం కాదు. 2022 నవంబరులో హైదరాబాద్‌లో అమెజాన్ క్లౌడ్ కేంద్రం మొదలైంది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో 15 బిలియన్ డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. మన పిల్లలకు ఉద్యోగాలొస్తాయి, సంతోషం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో అర్ధరాత్రి ఒక సర్వరు మొరాయిస్తే గచ్చిబౌలిలో కూర్చున్న తెలుగు కుర్రాడే సరిచేస్తున్నాడు. ఆ కుర్రాళ్ళకు నా సలహా ఒక్కటే. ఒక కంపెనీ మీటలు ఎక్కడున్నాయో నేర్చుకుని సర్టిఫికెట్ తెచ్చుకోండి, తప్పులేదు. కానీ ఆ మీట కింద ఏం జరుగుతోందో కూడా నేర్చుకోండి. నెట్‌వర్క్, డేటాబేస్, లినక్స్, రహస్య లిపి శాస్త్రం ఏ కంపెనీ సొత్తూ కాదు. అవి వచ్చినవాడికి ఏ క్లౌడ్ అయినా ఒకటే. గురువులు ఇక్కడున్నారు కాబట్టి మనవి చేస్తున్నాను, మాకు లెక్కలు సూత్రం బట్టీ పట్టించకుండా, ఎలా వచ్చిందో బోర్డు మీద రాబట్టి చూపించారు. ముప్పై ఏళ్ళలో నేను నాలుగు రకాల వ్యవస్థలు మారినా నిలబడింది ఆ అలవాటు వల్లే.

చివరగా సంఘానికి ఒక విన్నపం. స్వర్ణోత్సవాల కోసం తమ్ముళ్ళు ఎంతో శ్రమపడి యాభై ఏళ్ళ గ్రూప్ ఫొటోలు, బ్యాచ్‌ల వారీగా పేర్లు, చిరునామాలు సేకరించారు. అందులో మనల్ని విడిచివెళ్ళిన గురువుల ఫొటోలు కూడా ఉన్నాయి, అవి ఇంకెక్కడా దొరకవు. అదంతా ప్రస్తుతం ఒక సభ్యుడి పేరిట ఉచిత ఖాతాలో ఉందని తెలిసింది. ఆ ఖాతాలోనే ఉండనివ్వండి, అందరికీ తేలిగ్గా అందుతుంది. దాంతోపాటు రెండు హార్డ్ డిస్కుల్లో ప్రతులు తీసి, ఒకటి పాఠశాల గ్రంథాలయంలో, ఒకటి సంఘం కోశాధికారి గారింట్లో ఉంచుదాం. పేర్ల జాబితా అచ్చు వేయించి బైండు చేయిద్దాం. ఖాతా పాస్‌వర్డ్ ఇద్దరికి తెలిసి ఉండాలి. ఏటా వార్షికోత్సవం నాడు ఆ డిస్కులు తెరిచి, ఫొటోలు కనిపిస్తున్నాయో లేదో చూడాలి. డిస్కుల ఖర్చు మా 1986 బ్యాచ్ భరిస్తుంది. మా వాళ్ళను అడిగే చెబుతున్నాను.

 కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు కాబట్టి సెలవు తీసుకుంటున్నాను.